లోడై టెంప్రానిల్లోకి 34 డాలర్లా? ఆ డబ్బుకి రియోహా రిజర్వానే వస్తుంది కదా

ట్రేసీ బాబాయ్:
మొన్న కాలిఫోర్నియాలోనే ఉన్న లోడై వైపు వెళ్ళాం. చిన్న వైనరీ, మొగుడూ పెళ్ళామే నడుపుకుంటున్నారు, గ్లాసుల్లో పోసేది కూడా ఆయనే. పేరు అనవసరం. అన్నీ స్పానిష్ ద్రాక్షలే: తెల్లవాటిలో అల్బరీన్యో, గార్నాచా బ్లాంకా, ఎర్రవాటిలో టెంప్రానిల్లో, గ్రాసియానో. బాలేవని అనను. కానీ టెంప్రానిల్లో బాటిల్ 34 డాలర్లు అన్నాడు, అక్కడే నాకు తిక్క రేగింది. మా ఇంటి దగ్గర షాపులో రియోహా రిజర్వా, అంటే స్పెయిన్‌లోని రియోహాలో ఎక్కువగా ఈ టెంప్రానిల్లోతోనే చేసే రెడ్, 22కి దొరుకుతుంది. రిజర్వా అని రాయాలంటే కనీసం 3 ఏళ్ళు ఆపాలి, అందులో ఏడాదైనా ఓక్ చెక్క పీపాలో ఉండాలి, అది అక్కడి రూలు. అంటే మూడేళ్ళు దాచి, ఓడెక్కించి, ఇంపోర్టరు, డిస్ట్రిబ్యూటరు, షాపువాడు తలా కాస్త తిన్నాక కూడా 22. ఇక్కడ మనింటికి గంట దూరంలో పండింది 34. ఇదెక్కడి లెక్క? స్పెయిన్ ద్రాక్ష కావాలంటే స్పెయిన్ వైన్ తాగండి, లోడై వెళ్తే అక్కడ పేరున్న ఎర్ర ద్రాక్ష జిన్‌ఫాండెల్ తాగండి, అంతే నా మాట. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, ఊరికే "లోకల్ వాళ్ళని సపోర్ట్ చేద్దాం" అనకండి.

పులుసు ప్రియుడు:
కరెక్ట్ బాబాయ్. బంగినపల్లి అంటు తీసుకెళ్ళి ఫ్లోరిడాలో పాతితే కాయ కాస్తుంది, బంగినపల్లి అవుద్దా? ఫలానా ప్రాంతం సరుకని గుర్తించే జీఐ ట్యాగ్ దానికి 2017లో ఇచ్చింది ఊరికేనా.

పీపాల మామ:
జీఐ ట్యాగ్ సరే గానీ నువ్వు చిన్నప్పుడు తిన్నవి నూజివీడు తోటలవి అయ్యుంటాయి తమ్ముడూ, బనగానపల్లె నుంచి వచ్చినవి కాదు. ఎవరైనా వంక పెట్టారా?

బాబాయ్ గారు లెక్క అడిగారు కాబట్టి లెక్కే చెప్తా, గరాజ్‌లో కాస్తో కూస్తో వైన్ చేసే అలవాటుంది కాబట్టి ఈ ఖర్చులు తెలుసు. 225 లీటర్ల పీపాలో 300 బాటిళ్ళు వస్తాయి. కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపా వెయ్యి డాలర్ల పైమాటే, అంటే ద్రాక్ష గింజ కొనకముందే బాటిల్ మీద మూడు డాలర్లు పడ్డాయి. రియోహాలో పెద్ద కంపెనీలకి వేల పీపాలుంటాయి, ఒక్కో పీపా ఏళ్ళ తరబడి తిప్పుతారు, సీసాలు, లేబుళ్ళు, కార్కులు అన్నీ టోకున కొంటారు. ఈ మొగుడూ పెళ్ళాలకి ఆ సీను లేదు. బాట్లింగ్ మెషీన్ కూడా లారీ మీద అద్దెకొస్తుంది. 34 అంటే ఎక్కువే, కాదనను, కానీ మోసం మాత్రం కాదు.

ఇంకో సంగతి. మీరు "అసలు రియోహా రుచి" అనుకునే ఆ వెనీలా, కొబ్బరి వాసన ఎక్కడిదనుకున్నారు? పాతకాలం రియోహా స్టైలుకి అమెరికన్ ఓకే ప్రాణం. కలప ఇక్కడి అడవుల్లోంచి అక్కడికి పోయింది. ఫిలాక్సెరా పురుగు యూరప్ తోటల్ని తినేశాక వాళ్ళ తీగల్ని అంటుకట్టింది కూడా అమెరికా వేర్ల మీదే. ఇక ఏది అసలు, ఏది నకిలీ అని ఎక్కడ గీత గీస్తారు చెప్పండి.

క్యూపర్టినో పంతులు:
మామ చెప్పింది కలప గురించి, బాబాయ్ అడిగింది ద్రాక్ష గురించి, రెండూ కలిపేయకండి. నా గొడవ వేరు. గ్లాసులో పోసింది ఆ రకమే అని గ్యారంటీ ఏంటి? ఆస్ట్రేలియాలో ఏళ్ళ తరబడి అల్బరీన్యో అని అమ్మింది 2009లో డీఎన్‌ఏ టెస్ట్ చేస్తే సావన్యాన్ అని తేలింది, ఫ్రాన్స్ రకం. పాపం రైతులు లేబుళ్ళన్నీ మార్చుకున్నారు. పైగా ఇక్కడ రూలు ప్రకారం రకం పేరు వేయడానికి 75 శాతం ఉంటే చాలు, మిగతా పాతికలో ఏం కలిపినా అడిగే దిక్కులేదు.

పీపాల మామ:
రియోహాలో మాత్రం వేరే రకాలు కలపరా పంతులూ? టెంప్రానిల్లోలో గార్నాచా, గ్రాసియానో, మసుయెలో కలపడం వాళ్ళ సంప్రదాయమే. అల్బరీన్యో గొడవ ఆస్ట్రేలియాకి వెళ్ళిన మొక్కలది. దానికి కాలిఫోర్నియా వాళ్ళని నిలదీస్తే ఎలా.

మౌంటెన్ హౌస్ అక్క:
మీ ముగ్గురూ ధర, రూలు, పీపా అంటున్నారు, రుచి గురించి ఒక్కరూ మాట్లాడరేం?

నేను లోడైకి తరచుగా వెళ్తాను, అక్కడ స్పానిష్ రకాలకి పేరు తెచ్చిన బోకిష్ వాళ్ళవి కూడా తాగాను, చిన్నవాళ్ళవీ తాగాను. నా మటుకు టెంప్రానిల్లో విషయంలో బాబాయ్‌దే రైటు. ఆ ద్రాక్షకి పులుపు తక్కువ, ఎండెక్కువైతే ఉన్నది కూడా పోతుంది. స్పెయిన్‌లోనే రిబేరా డెల్ డుయేరోలో టెంప్రానిల్లో తోటలు 800 మీటర్ల ఎత్తున ఉంటాయి, రాత్రి చలికి ఆ పులుపు నిలుస్తుంది. లోడై దాదాపు సముద్ర మట్టానికే ఉంది. సాయంత్రం డెల్టా మీదుగా చల్లగాలి వస్తుంది నిజమే, పగలు 35 డిగ్రీలు దాటినా తెల్లారేసరికి 15కి దిగుతుంది, అదే లేకపోతే అక్కడ ఎండుద్రాక్షే. అయినా నేను తాగిన చాలావాటిలో జామ్ తిన్నట్టు తీపి వాసన, మింగాక గొంతులో ఆల్కహాల్ మంట. టార్టారిక్ యాసిడ్ కలిపి సర్దుతారు, అది ఇక్కడ లీగలే, కానీ కొన్నిట్లో ఆ పులుపు విడిగా నాలుకకి తెలిసిపోతుంది.

గ్రాసియానో మాత్రం వేరే లెవెల్. అది ఆలస్యంగా పండుతుంది, పులుపు ఎక్కువ, స్పెయిన్‌లో సరిగ్గా పండక విసిగిపోయి చాలామంది పీకేశారు. లోడై ఎండ దానికి కావాల్సిందే. గ్లాసు వంచితే అంచు దాకా సిరా రంగు, కొంచెం మిరియం, నోట్లో వగరు ఉంటుంది గానీ ఎండబెట్టదు. రియోహాలో అది ఎక్కువగా బ్లెండ్‌లో చిటికెడు వేసే సరుకు, ఇక్కడ ఒంటరిగా బాటిల్లో దొరుకుతుంది. 22 డాలర్లకి మీ షాపులో గ్రాసియానో ఒక్కటే ఉన్న బాటిల్ చూపించండి బాబాయ్, ఒప్పుకుంటా.

పులుసు ప్రియుడు:
అక్కా అల్బరీన్యో సంగతో? అది పండే గలీసియా, స్పెయిన్ సముద్రతీరంలో, అక్కడ వాన విపరీతం, తేమకి బూజు పట్టకుండా రాతి స్తంభాల మీద పందిరి వేసి పెంచుతారు. లోడైలో ఎండాకాలం చుక్క పడదు, డ్రిప్ పెట్టి పెంచాల్సిందే. ఆ ఉప్పుగాలి రుచి ఎక్కడినుంచొస్తది?

మౌంటెన్ హౌస్ అక్క:
రాదు. ఆ ఉప్పదనం నేనూ వెతికాను, లేదు. బదులుగా పీచ్ పండు, కొంచెం నారింజ తొక్క. అల్బరీన్యోకి పుట్టుకతోనే పులుపు ఎక్కువ కాబట్టి తొందరగా కోసేస్తే ఎండని తట్టుకుంటుంది. మన తిండికి ఎరుపు కంటే ఇదే నయం, కారం మీద వగరున్న రెడ్ తాగితే మంట రెట్టింపవుద్ది, 15 శాతం ఆల్కహాల్ అయితే ఇక చెప్పక్కర్లేదు. గోంగూర మటన్ మీదకి టెంప్రానిల్లో తెచ్చేవాళ్ళని చూస్తే జాలేస్తుంది నాకు.

ట్రేసీ బాబాయ్:
అక్క చెప్పింది సబబుగానే ఉంది, గ్రాసియానో బాటిల్ అయితే నా షాపులో లేదు, వెతికినా దొరకదు. కానీ నేనడిగింది టెంప్రానిల్లో గురించి, దానికి అక్కే నా వైపు ఓటేసింది, మామ గమనించాలి.

పీపాల మామ:
గమనించాం. 2019లో స్పెయిన్ వైన్ మీద 25 శాతం సుంకం పడ్డప్పుడు, అది కూడా 14 శాతం ఆల్కహాల్ దాటని వాటి మీదే, ఇదే బాబాయ్‌లు లోడైకి కార్లేసుకుని వచ్చారు. 2021లో ఎత్తేశాక మళ్ళీ రియోహా గుర్తొచ్చింది.

ఇంకోటి, ఈ రాష్ట్రంలో మొట్టమొదట వైన్ తీసిందే స్పెయిన్ ద్రాక్షతో. మిషనరీలు తెచ్చిన మిషన్ ద్రాక్ష, స్పెయిన్‌లో "లిస్తాన్ ప్రియెతో" అనే రకమేనని డీఎన్‌ఏలో తేలింది. మీ జిన్‌ఫాండెల్ తర్వాతెప్పుడో వచ్చింది, దాని పుట్టిల్లు క్రొయేషియా.

క్యూపర్టినో పంతులు:
మిషన్ వైన్ బావుంటుందని ఎవరైనా అన్నారా మామా, ముందొచ్చినంత మాత్రాన మంచిదైపోద్దా.

ట్రేసీ బాబాయ్:
అదీ మాట. మామా, ఈ శనివారం మా ఇంట్లో చందువా వేపుడు. మీరు లోడై టెంప్రానిల్లో తీసుకురండి, నేను రియోహా తెస్తా, ఏది ఏదో తెలీకుండా బాటిళ్ళకి కవర్లు చుట్టి గ్లాసుల్లో పోద్దాం. అక్క ఎలాగూ అల్బరీన్యోనే తాగుద్ది.

మౌంటెన్ హౌస్ అక్క:
చేపల వేపుడికి రెండు రెడ్లా? మీ ఇష్టం. నా బాటిల్ నేనే తెచ్చుకుంటా, ఫ్రిజ్‌లో చోటుంచండి.