స్నానాల నీళ్లు ఫ్లష్‌కి మళ్లిస్తే ట్యాంకర్లు తగ్గుతాయా? అనంతపురం, 24 ఫ్లాట్లు

సంపుతాళం:
మాది అనంతపురంలో 24 ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్. అసోసియేషన్ లెక్కలు రాసేది నేనే. సంపు తాళం నా దగ్గరే, తిట్లూ నాకే. మార్చి దాటిందంటే బోరు గంటసేపు పోసి గాలి కక్కుతుంది. కొళాయి వచ్చిన రోజు సంపు సగం నిండుతుంది. ఇక మిగతాదంతా 5,000 లీటర్ల ట్యాంకరే, రోజు విడిచి రోజు.

మొన్న మీటింగుకి ఒకాయన వచ్చి, సెల్లారులో శుద్ధి ప్లాంటు పెడితే స్నానాల నీళ్లు ఫ్లష్‌కి వాడుకోవచ్చన్నాడు. కొటేషన్ చూసి అందరూ నా ముఖం చూశారు. మూడో ఫ్లోరు పెద్దాయనైతే "ఊరందరి స్నానం నీళ్లు నా ఇంట్లోకి రానివ్వనమ్మా" అనేశారు. వచ్చేది లెట్రిన్‌లోకే కదా సార్ అన్నా వినరు.

ఎవరైనా ఇలా చేశారా? డబ్బు పెట్టకముందు ఏం చూసుకోవాలి? టెర్రస్ 4,000 చదరపు అడుగులుంటుంది, దాని మీది వాన నీళ్లు నేరుగా రోడ్డు మీదికి పోతాయి. ఇంకో మాట, ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు రోజూ తులసికి పోశాను. మాడిపోయింది. అదేనా కారణం?

పైపులసారు, కడప:
అమ్మా, నీళ్ల పనిలోనే రిటైరైనవాణ్ని, కొంచెం సాగదీస్తాను. ప్లాంటు సంగతి ఆఖర్న. ముందు మీ ఫ్లష్ ట్యాంకుల మూతలు తీయించండి.

లెక్క చూడండి. ఫ్లాటుకి నలుగురనుకుంటే 96 మంది. పాత ట్యాంకు ఒకసారి నొక్కితే 10 లీటర్లు. మనిషి రోజుకు ఐదుసార్లు నొక్కితే మొత్తం 4,800 లీటర్లు. అంటే రోజుకో ట్యాంకరు నీళ్లు, అవీ తాగే నీళ్లు, దేనికి పోతున్నాయో చూశారుగా. అదే రెండు బటన్ల ట్యాంకైతే చిన్నదానికి 3, పెద్దదానికి 6 లీటర్లు. నాలుగు చిన్నవి, ఒకటి పెద్దది వేసుకుంటే మనిషికి 18. అందరికీ కలిపి 1,728. ఏ ప్లాంటూ లేకుండానే రోజుకు 3,000 లీటర్లు మిగిలాయి. మార్చడానికి డబ్బుల్లేనివాళ్లు లీటరు సీసాలో నీళ్లు నింపి, మూత బిగించి ట్యాంకులో దించితే సరి. ఇటుక మాత్రం వెయ్యొద్దు, అది కరిగి వాల్వులో ఇరుక్కుంటుంది.

ఇంతకన్నా ముందు లీకులు. రాత్రి పడుకోబోయే ముందు ట్యాంకులో బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు వేయండి. నొక్కకుండా అరగంట ఆగి చూడండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే లోపలి రబ్బరు పోయినట్టే. చప్పుడు లేకుండా కారేది కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

తులసి విషయంలో మీ అనుమానం నిజమే కావచ్చు. మిషన్ వదిలేసిన నీళ్లలో ఉప్పంతా చిక్కబడి ఉంటుంది, రోజూ పోస్తే కుండీ మట్టిలో పేరుకుంటుంది. పైగా మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా. పశువులకు అసలే పెట్టొద్దు. ఇల్లు తుడవడానికి, ఫ్లష్‌కి బాగా పనికొస్తాయి.

హిందూపురం వాడు, బెంగళూరు నుంచి:
అక్కా, మా కాంప్లెక్సులో ప్లాంటు ఉంది. ఫ్లష్‌కి, గార్డెన్‌కి ఆ నీళ్లే. ఇక్కడ పెద్ద అపార్ట్‌మెంట్లకి తప్పనిసరి. 2024 ఎండాకాలంలో తాగునీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు, అప్పుడు తెలిసింది దీని విలువ.

కానీ చూసుకునే మనిషి లేకపోతే దండగ. గాలి ఊదే బ్లోయరు ఒక్కరోజు ఆగితే చాలు, లిఫ్టు దాకా కంపు. మీది పాత బిల్డింగు అంటున్నారు, ఫ్లష్‌కి విడి పైపు ఉండదు. గోడలు పగలగొట్టి వేరే లైను లాగాలి. కొటేషన్‌లో ఆ ఖర్చు ఉందా, ప్లాంటు ఒక్కదానికేనా? అడగండి. ఎక్కడా మంచినీళ్ల లైనుతో కలవకూడదు, రంగు కూడా వేరే ఉండాలి.

మీ పెద్దాయనకి కోలారు సంగతి చెప్పండి. 2018 నుంచి బెంగళూరు మురుగునీళ్లు శుద్ధి చేసి అక్కడి చెరువులు నింపుతున్నారు, భూమిలో నీళ్లు పెరగడానికి. ఆఫ్రికాలో విండ్‌హోక్ అని ఒక ఊరుంది, 1968 నుంచి శుద్ధి చేసినవి ఏకంగా తాగుతున్నారు. మనం ఫ్లష్ దగ్గరే ఆగిపోయాం.

హంద్రీగట్టు:
మాది కర్నూలు. 2009 వరదలో మేడెక్కి కూచున్నోళ్లం, ఎండాకాలం అదే మేడ మీద ఖాళీ ట్యాంకు చూసుకుంటాం. అక్కా, మీ టెర్రస్ సుమారు 370 చదరపు మీటర్లు. మీ జిల్లాలో వాన తక్కువే, ఏడాదికి 550 మిల్లీమీటర్లు. అయినా నూటికి ఎనభై పట్టినా లక్షా అరవై వేల లీటర్లొస్తాయి, ముప్పైకి పైగా ట్యాంకర్లన్నమాట. మొదటి వాన దుమ్ము బయటికి వదిలేసి, తర్వాతది కంకర, ఇసుక వేసిన గుంత గుండా బోరు పక్కన ఇంకించండి. స్నానాల నీళ్లు మాత్రం ఆ గుంతలోకి పంపొద్దు, బోరు చెడిపోతుంది.

సంపుతాళం:
మూడు వారాలైంది. నీలిమందు పరీక్ష అందరిళ్లలో చేయించాను. 24లో తొమ్మిది లీకులు. మొదట నీలం కనబడింది మా ఇంట్లోనే, ఏం చేస్తాం. రబ్బర్లు మార్చాం. పెద్దాయన సీసా పెట్టుకున్నారు, ఆర్‌ఓ నీళ్లు బకెట్టులో పట్టి ఫ్లష్‌కి పోస్తున్నారు కూడా. అవి ఆయనింటి నీళ్లే కాబట్టి అభ్యంతరం లేదట. ట్యాంకరు ఇప్పుడు మూడు రోజులకోసారి.

కొటేషన్ వాణ్ని పైపుల ఖర్చు అడిగితే "అది వేరే మేడం" అన్నాడు. ప్లాంటు మాట అక్కడికి ఆగింది. ఇంకుడు గుంతకి అందరూ సరేనన్నారు, కానీ బోరు పక్కన తవ్వాలంటే రెండో నంబరు పార్కింగు పోతుంది. ఆ కారు మా ప్రెసిడెంటు గారిది. ఆదివారం మళ్లీ మీటింగు.