అప్‌డేట్: చినుకు లేకున్నా వాగు ఎందుకు పొంగుతది?

దుందుభి వాగు మీది లోలెవల్ (తక్కువ ఎత్తున్న) వంతెన అక్టోబర్ వానలల్ల ఎప్పుడు దాటొచ్చని ఇంతకుముందు పోస్టుల అడిగిన కదా, మీ జవాబులతోని లెక్క తేలింది. మన ఊర్ల చినుకు లేకున్నా ఎగువన జడ్చర్ల దిక్కు దంచి కొడితే చాలు. అప్పటికే చెరువులు నిండి ఉంటయి. ఒకటి అలుగు దుంకితే ఆ నీళ్లు కిందిదాంట్లకు, అది నిండి ఇంకో దాంట్లకు, గంటలు గడిచినంక వాగులకు. 24 గంటలల్ల 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ భారీ వాన అంటది. ఎగువన అట్ల పడితే ఆ రాత్రి బండి తియ్యొద్దు.

నీళ్లు ఎర్రగ మారి కంప, చెత్త కొట్టుకొస్తుంటే వరద ఇంకా పెరుగుతున్నట్టే. వంతెన అంచు రాళ్లు మునిగితే వెనక్కి మళ్లాలె. 30 సెంటీమీటర్ల పారే నీళ్లకే చిన్న కారు తేలుతది, బురదనీళ్ల కింద రోడ్డు కోసుకపోయిందో లేదో కనవడది. మీ జవాబులల్ల వచ్చిన, తాడు పట్టుకొని దాటుమన్న సలహా మాత్రం నాకు నచ్చలే. నీళ్లు పూర్తిగ దిగినంక గూడ ముందు కట్టెతోని పొడిచి చూసి, తర్వాతే ట్రాక్టర్.