అప్‌డేట్: లండన్ ప్రయాణం వాయిదా

ఇంటర్ అయ్యాక లా డిగ్రీ బ్రిటన్‌లోనే చేయాలా అని అడిగాను, గుర్తుందా? అక్కడి డిగ్రీతో ఇక్కడ వాదించాలంటే బార్ కౌన్సిల్ అర్హత పరీక్ష రాయాలని మీలో ఒకరు చెప్పడంతో ఆగిపోయాను. ఇక్కడే చదివి, ఇప్పుడు శ్రీకాకుళం కోర్టులో జూనియర్‌గా చేరాను. ప్రస్తుతానికి సీనియర్ గారి ఫైళ్లు మోయడం, వాయిదా తేదీలు రాసుకోవడమే పని.

బ్రిటన్‌లో పీజీ చదవడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే చీవ్నింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి, అందుకే ప్రయాణం వాయిదా. చదువయ్యాక స్వదేశంలో రెండేళ్లు ఉండాలన్న షరతు విని అమ్మ ఊపిరి పీల్చుకుంది.

చదవాలనుకుంటున్నది సముద్ర న్యాయమే. 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మన జిల్లా జాలర్లు 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. వేరే దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీరం దాటాక చేపల మీద ఆ దేశానికే హక్కు ఉండే సముద్ర భాగంలో, అక్రమంగా చేపలు పట్టినందుకు, జైలుకు వీలిచ్చే ఒప్పందం ఆ దేశాల మధ్య లేకుంటే, జైలు శిక్ష వేయకూడదని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక 73వ అధికరణం చెబుతోంది. వలలు అల్లే మా మావయ్య మాత్రం, “నీటి మీద గీత ఎవరు గీశారురా?” అని అడుగుతున్నాడు.