"ప్రభువు చిత్తమైతే" అంటే వస్తామనా, రామనా?

పెళ్లి కార్డుల మీద, ప్రయాణాల ముందు, ఫోను పెట్టేసే ముందు మన క్రైస్తవ ఇళ్లలో వినబడే "ప్రభువు చిత్తమైతే" గురించి మొన్న ఈ గ్రూపులో ఒకరు అడిగారు, ఇది "దేవుడి దయ ఉంటే" లాంటిదేనా, ఇంకేమైనా ఉందా అని. సగం మంది "ఇన్షా అల్లా లాంటిదే" అని తేల్చేశారు. తప్పేం కాదు, కానీ అక్కడితో వదిలేయడానికి మనసొప్పక ఈ పోస్టు. నేనుండేది చెన్నైలో, పెరంబూరు వైపు. పొద్దున తెలుగు ఆరాధన, అప్పుడప్పుడు సాయంత్రం తమిళ ఆరాధన, కాబట్టి రెండు బైబిళ్లూ చెవిన పడుతుంటాయి.

మాట వచ్చింది యాకోబు పత్రిక 4వ అధ్యాయం నుంచి. "నేడైనను రేపైనను ఒకానొక పట్టణమునకు వెళ్లి అక్కడ ఒక సంవత్సరముండి వ్యాపారముచేసి లాభము సంపాదింతము" అనుకునేవాళ్లను యాకోబు గట్టిగానే నిలదీస్తాడు. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో దిగి, చెన్నై ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఒక సంవత్సరం చేసి ప్యాకేజీ పెంచుకుని పోదాం అనుకున్న మనలాంటివాళ్ల కోసమే రాసినట్టుంటుంది. అలా కాదు, ఇలా అనండి అంటాడు 15వ వచనంలో: "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతమని చెప్పుకొనవలెను."

పెళ్లి కార్డు వేయించేటప్పుడు మనవాళ్లు ఈ వాక్యంలో మొదటి ముక్క ఉంచుకుని "బ్రదికియుండి" మెల్లగా ఎత్తేస్తారు. శుభమా అని పెళ్లి చేసుకుంటూ "బతికుంటే" అని అచ్చేస్తే మేనత్తలు ఊరుకుంటారా? అది సరే, అర్థం చేసుకోవచ్చు. నాకు బాధ వేసేది చివరి మాట పోయినందుకు. "చేతము". అంటే చేద్దాం. యాకోబు ప్లాన్లు వేసుకోవద్దు అనలేదు. ఊరు మారడం, వ్యాపారం చేయడం తప్పనీ అనలేదు. రేపు మన గుప్పిట్లో ఉన్నట్టు మాట్లాడొద్దన్నాడు, అంతే. మన వాడుకలో మాత్రం ఆ "చేతము" ఎగిరిపోయి "చూద్దాం" మిగిలింది. ఫంక్షన్‌కు పిలిస్తే "ప్రభువు చిత్తమైతే వస్తాం బ్రదర్" అన్నారంటే కుర్చీ వేయనక్కర్లేదని అందరికీ తెలుసు.

కానీ ఇదే మాట పౌలు ఎలా వాడాడో చూడండి. అపొస్తలుల కార్యములు 18:21లో ఎఫెసువాళ్లు ఇంకొన్నాళ్లు ఉండమంటే ఒప్పుకోక, "దేవుని చిత్తమైతే మీయొద్దకు తిరిగి వత్తునని" చెప్పి ఓడ ఎక్కాడు. ఆ తర్వాత అధ్యాయంలోనే తిరిగొచ్చాడు. వచ్చి ఏదో మొహం చూపించి పోలేదు, మూడేళ్లు రాత్రింబగళ్లు మీకు బుద్ధి చెప్పానని 20:31లో తనే గుర్తు చేస్తాడు. ఆయన నోట ఆ మాట తప్పించుకునే దారి కాదు.

ఇక "చిత్తం" సంగతి. తెలుగులో దానికి కొలువు వాసన ఉంది. దొర ఆజ్ఞ చెప్తే "చిత్తం" అంటాడు నౌకరు, పాత ఉత్తరాల్లో "చిత్తగించవలెను" అని ఉంటుంది, కౌలు రైతు జమీందారుతో "తమ చిత్తం, మా భాగ్యం" అనేవాడు. ఈ చివరిది మన ప్రార్థనల్లోకి కూడా వచ్చేసిందని నా అనుమానం. పైనున్న దొర మనసులో ఏముందో తెలీదు, ఏది పడేస్తే అదే ప్రాప్తం, అనే ధోరణి. అసలు నౌకరు "చిత్తం" అనేది ఆజ్ఞ విన్నాక కదా, వినకముందు కాదు. వినబడినవి మన దగ్గర చాలానే ఉన్నాయి. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో "మీరు పరిశుద్ధులగుటయే" దేవుని చిత్తం అని సూటిగా ఉంది, ప్రతి విషయంలో కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం దేవుని చిత్తం అనీ ఉంది. వీటి కోసం ఉపవాసం ఉండి అడిగినవాళ్లను నేను చూడలేదు. అడిగేవన్నీ వీసా, సంబంధం, సైటు.

సంబంధాల దగ్గరైతే మరీ. "ప్రార్థించాం అండీ, దేవుని చిత్తం కనబడలేదు" అని కబురొస్తుంది. కట్నం కుదరలేదనో పిల్ల నలుపనో చెప్పడానికి నోరు రాక దేవుడి మీద పెట్టేయడం. దాని కంటే "మాకు ఇష్టం లేదు" అనడమే మర్యాద.

ఇష్టం అంటే గుర్తొచ్చింది, ఈ పోస్టులో నేను చెప్పాలనుకున్నది నిజానికి ఇదే. సిలువకు ముందు రాత్రి యేసు తండ్రికి చేసిన గెత్సేమనే ప్రార్థన, లూకా 22:42, మన బైబిల్లో "నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక" అని ఉంటుంది. యోహాను 6:38లోనూ అంతే: నా యిష్టమును నెరవేర్చుకొనుటకు రాలేదు, నన్ను పంపినవాని చిత్తము నెరవేర్చుటకే వచ్చితిని. కొడుకుది ఇష్టం, తండ్రిది చిత్తం. తమిళంలో చూస్తే "ఎన్నుడైయ సిత్తత్తిన్‌పడియల్ల, ఉమ్ముడైయ సిత్తత్తిన్‌పడియే ఆగక్కడవదు". ఇద్దరిదీ సిత్తమే. గ్రీకులో కూడా ఒకటే మాట, తెలేమా. మన అనువాదకులు గౌరవం కోసం విడదీసినట్టున్నారు, చెవికి బాగుంది కూడా, నేను మార్చమనను. కానీ తరాలుగా అది వింటూ పెరిగినవాళ్లకి "ఇష్టం" అంటే శరీరానిది, "చిత్తం" అంటే దేవుడిది అని స్థిరపడిపోయింది. అందుకే నాకు ఇష్టమైంది దేవుని చిత్తం ఎలా అవుతుంది అని చదువు దగ్గర, ఉద్యోగం దగ్గర పిల్లలు టెన్షన్ పడుతుంటారు. తమిళ వచనం విన్నప్పుడు నాకు తట్టింది ఏమిటంటే, యేసుకూ ఒక సిత్తం ఉంది, రాబోయే శ్రమల గిన్నె వద్దు అన్నది, దాన్ని ఆయన దాచుకోలేదు, సిగ్గుపడలేదు, ముందు అదే అడిగాడు. తర్వాతే లోబడ్డాడు.

(పక్క మాట: కొత్త నిబంధనను మొదట తెలుగులోకి తెచ్చే ప్రయత్నం జరిగింది మన మద్రాసులోనే. 1720ల చివర్లో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ చేశాడు, అచ్చుకు నోచుకోలేదు.)

కామెంట్, బెంగళూరు నుంచి: కన్నడలో కూడా "నిన్న చిత్తవు" అనే ఉంది అన్నా. ఒక డౌటు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బుట్టలోంచి తీసిన వాగ్దానం కార్డులో (కొత్త సంవత్సరానికి ఒక్కొక్కరికి ఒక వచనం) నాకు "ఊరక నిలుచుండి చూడుడి" వచ్చింది. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది. మారాలా వద్దా?

నా జవాబు: తమ్ముడూ, అది నిర్గమకాండము 14:13. బైబిలు తెరిచి రెండే వచనాలు కిందికి రా. "నీవేల నాకు మొఱపెట్టుచున్నావు? సాగిపోవుడి అని ఇశ్రాయేలీయులతో చెప్పుము" అని దేవుడు మోషేతో అంటాడు. కార్డు మీద చోటు చాలలేదు అంతే. నోటీసు పీరియడ్, అమ్మానాన్నల ఆరోగ్యం, కొత్త పని మంచిదేనా అన్నది, ఇవి చూసుకుని, ప్రార్థించి, నీకు ఇష్టమైతే చేరు.

కామెంట్: అంత తేలిగ్గా తీసేయకండి. యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను చీట్లు వేసే కదా ఎన్నుకున్నారు? మా పాస్టరు అయ్యగారు అదే చెప్తారు.

నా జవాబు: నిజమే అక్కా, అపొస్తలుల కార్యములు 1:26లో ఉంది. అయితే అది పెంతెకొస్తుకు, అంటే పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజుకు ముందు. ఆ తర్వాత కార్యముల గ్రంథంలో నిర్ణయాలకు చీట్లు కనబడవు. 15వ అధ్యాయంలో యూదులు కాని విశ్వాసులకు సున్నతి కావాలా అనే గొడవ వచ్చినప్పుడు యెరూషలేములో కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు, పేతురు మాట్లాడాడు, యాకోబు మాట్లాడాడు, ఆఖరికి ఉత్తరంలో ఏం రాశారో చూడండి: "పరిశుద్ధాత్మకును మాకును తోచెను". "మాకును" అని రాయడానికి వాళ్లు జంకలేదు. రోమా 12:2లో కూడా దేవుని చిత్తమేదో "పరీక్షించి తెలిసికొనునట్లు" మనస్సు నూతనమవ్వాలి అని ఉంది. కార్డు తీయడానికి మనస్సు మారక్కర్లేదు కదా.

కామెంట్: ప్రభువు ప్రార్థనలో మా ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) వాళ్లం "మీ చిత్తము" అంటాం, మీరు "నీ చిత్తము" అంటారు, ఏది సరి?

నా జవాబు: రెండూ. గ్రీకులో ఏకవచనమే, మర్యాద మన తెలుగుది. అదే ప్రార్థనలోని "నెరవేరును గాక"లో ఆ గాక ఏమిటని ఇన్‌బాక్సులో అడిగినవారికి: అది కోరికను, దీవెనను చెప్పే పాత రూపం, "జరగాలి" అన్న ఆజ్ఞ కాదు. దాని మీద వేరే పోస్టు పెట్టండి, ఇందులో కలిపితే వెతుక్కోలేం.