మాయా భాషల్లో క్లాసిఫయర్ ఎవరిది? అంకెదా, నామవాచకానిదా?

పలుకుబడి: మెక్సికోలోని చియాపాస్‌లో మాట్లాడే చోల్ అనే మాయా భాషలో సొంత అంకె ఒంటరిగా రాదు, వెనక క్లాసిఫయర్, అంటే లెక్కపెట్టేది ఏ రకందో చెప్పే చిన్న మాట, ఉండాలి. ‘ఉష్-పెహ్ త్యుముత్య్’ అంటే మూడు గుడ్లు, ఇందులో ఉష్ మూడు, పెహ్ క్లాసిఫయర్. మనుషులైతే ‘ఉష్-త్యికిల్’. స్పానిష్ నుంచి తెచ్చుకున్న అంకె అయితే మాత్రం ‘నువెబె త్యుముత్య్’, తొమ్మిది గుడ్లు, అంతే. అక్కడ పెహ్ పెడితే తప్పు. గుడ్డు మారలేదు, అంకె మారింది. అందుకే 2014లో భాషావేత్తలు బేల్, కూన్ క్లాసిఫయర్ అవసరం అంకెదే అన్నారు. ముందు అంకె, క్లాసిఫయర్ ఒకటై, తర్వాతే నామవాచకంతో కలుస్తాయి.

రాజమండ్రి_రాజు: పలకడంలో అతుక్కున్నంత మాత్రాన నిర్మాణంలో ఒకటైపోవు. గుడ్డుకి పెహ్, మనిషికి త్యికిల్ అని తేల్చేది నామవాచకమే కదండీ. మనకీ మూడు పుస్తకాలు, ముగ్గురు పిల్లలు.

పలుకుబడి: అతుకు గురించి కాదు నేనంటున్నది. గుడ్డుని లెక్కపెట్టాలంటే క్లాసిఫయర్ తప్పనిసరైతే తొమ్మిదికి ఎందుకు అక్కర్లేదు? మన దగ్గరా ఏడుగురు పిల్లలు, కానీ ఎనిమిది మంది పిల్లలు. పిల్లలు అదే పిల్లలు.

చిరుగాలి: యుకటెక్ మాయాలో అరటికి ‘హాస్’ ఒకటే మాట, పండా ఆకా చెట్టా అన్నది క్లాసిఫయర్‌ని బట్టే. దీని గురించి కూడా మాట్లాడండి.

రాజమండ్రి_రాజు: అసలు స్పానిష్ అంకె పెట్టాక అది చోల్ ఎలా అవుతుంది? ఎంఏలో నేను ఆటోస్టాండ్‌లో విన్న ‘ఫోర్ మెంబర్స్ ఎక్కారు’ లాంటి వాక్యాలు రాసుకొస్తే, ఇది తెలుగే కాదని మా గైడ్ మొత్తం కొట్టేయించారు. నాకు పనికిరాని డేటా మీకెలా పనికొస్తుంది?

పలుకుబడి: మీకు జరిగింది అన్యాయమే. దానికి చోల్ వాళ్ళ మాటని కొట్టేస్తారా? ఆరు దాకా, ఇంకా పది, ఇరవై లాంటివి సొంత అంకెలు, మిగతా వాటిల్లో చాలావరకు స్పానిష్‌వి. వాళ్ళు రోజూ మాట్లాడేది అదే. ఉత్త కలగాపులగమైతే పెహ్ పెడితే తప్పని అంత కచ్చితంగా ఎలా చెప్తారు?

రాజమండ్రి_రాజు: రూల్ లేదని నేననలేదు. అది చోల్ రూలా, స్పానిష్ రూలా? అంకె తన వ్యాకరణాన్ని వెంట తెచ్చుకుంటే చోల్ నిర్మాణం గురించి అది ఏమీ చెప్పదు. మన గొడవంతా ఇక్కడే.

పలుకుబడి: అయితే కెనడాలోని మిగ్‌మాక్ భాష చూడండి. 1 నుంచి 5 వరకు క్లాసిఫయర్ రాదు, 6 నుంచి తప్పనిసరి. అవన్నీ సొంత అంకెలే, అరువు లేదు.

రాజమండ్రి_రాజు: అది మాయా భాష కాదు. మాయాలోంచి చూపించండి.