వేసవి మొదట్లో చుట్టాలంతా ఒకేసారి రావాలా, విడతలుగానా? (ఒక చర్చ. ప్రతి మాటకూ పైన ఉన్నది అది రాసినవారి మారుపేరు.)

మూడుతరాలు

సెలవులు మొదలవగానే పెద్ద కుటుంబాలన్నిటిలో వచ్చే వాదనే ఇది. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక ఇల్లు అనుకుందాం. ఇంట్లో 12 మంది, వచ్చే చుట్టాలు 20 మంది, బాత్‌రూములు 2, ఫ్రిజ్ ఒకటి, మధ్యలో ఒక వేడుక. 20 మందీ ఒకే నాలుగు రోజులకు రావాలా? లేక ఏడుగురు, ఏడుగురు, ఆరుగురు చొప్పున మూడు విడతలుగా, విడతకు నాలుగేసి రోజులు ఉండేలా రావాలా?

నా ఓటు ఒకేసారికే. రెండు పద్ధతుల్లోనూ చుట్టాలకు పెట్టే భోజనాల సంఖ్య ఒక్కటే. కానీ పొయ్యి దగ్గర నిలబడే పూటలు వేరు. రోజుకు మూడు పూటల చొప్పున, ఒకేసారి వస్తే 12 పూటలు, విడతలుగా వస్తే 36. కూరగాయలు తరిగే పని మనుషుల్ని బట్టి పెరుగుతుంది, నిజమే. ఏం వండాలో తేల్చుకోవడం, సామాన్లు తీయడం, పొయ్యి గట్టు తుడవడం, పెద్ద గిన్నెలు తోమడం మాత్రం పదిమందికైనా ముప్ఫైమందికైనా దాదాపు అంతే. ఈ పని ఎక్కువ ఇళ్లలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల మీదే పడుతుంది. వాళ్లకు నాలుగు రోజుల హడావుడి నయమా, పన్నెండు రోజుల చాకిరీ నయమా?

నీళ్లతొట్టి

మూడుతరాలు గారూ, మీరు మొత్తం పని లెక్కేశారు. ఇల్లు చతికిలబడేది మొత్తానికి కాదండీ, ఒక్క పొద్దున పడే ఒత్తిడికి.

స్నానానికి మనిషికి 12 నిమిషాలు అనుకోండి. 32 మంది, 2 బాత్‌రూములు అంటే 192 నిమిషాలు. మరుగుదొడ్డి కూడా అందులోనే ఉంటే మొదటివాళ్లు ఆరింటికి వెళ్లినా చివరివాళ్లు బయటపడేసరికి పది దాటుతుంది. నీళ్లు చూడండి. బకెట్టు స్నానానికి 25 లీటర్లు, ఫ్లష్‌లకు 30, వంట, గిన్నెలు, బట్టలు, తాగడం కలిపి ఇంకో 40 దాకా. పొదుపుగా వాడినా మనిషికి దాదాపు 100 లీటర్లు. 32 మందికి 3,200. వెయ్యి లీటర్ల ట్యాంకు రోజుకు మూడుసార్లకు పైగా నింపాలి, అదీ భూగర్భ జలం తగ్గుముఖం పట్టే రోజుల్లో.

సెప్టిక్ ట్యాంకు సంగతి ఎవరూ తలుచుకోరు. 12 మందికి సరిపోయే ట్యాంకులోకి ఒక్కసారిగా దాదాపు మూడింతల నీళ్లు వచ్చిపడితే మడ్డి అడుగున దిగే వ్యవధి ఉండదు. నీళ్లతో పాటే బయటికి పోయి ఇంకుడు గుంటను పూడుస్తుంది. నష్టం ఆ నాలుగు రోజుల్లో కనపడదు, వానాకాలంలో కనపడుతుంది. ఒకేసారి పిలవాలనుకుంటే ట్యాంకు ముందే ఖాళీ చేయించుకోవాలి. దాంతో మడ్డి తగ్గుతుందే తప్ప, వచ్చే నీటి జోరు తగ్గదు. బట్టలు ఉతికే నీళ్లు పొలానికో పెరటికో మళ్లించడం, ఉతుకుడు నాలుగు రోజుల పాటు ఆపేయడం మాత్రం నిజంగా పనికొస్తాయి.

పొయ్యిగడ్డ

వంట గురించి రెండు వైపులా సగం సగమే చెప్తున్నారు. ముప్ఫైమందికి వండటమంటే నలుగురి వంటను ఎనిమిదితో గుణించడం కాదు. ఇంటి పొయ్యి మంట వెడల్పు మారదు కదా. 32 మందిలో పిల్లలూ ఉంటారు కాబట్టి మనిషికి సగటున 90 గ్రాముల చొప్పున పూటకు సుమారు 3 కిలోల బియ్యం. ఇదంతా ఒకే గిన్నెలో ఇంటి పొయ్యి మీద పెడితే అడుగు మాడుతుంది, మధ్య మెత్తబడుతుంది, పైన పలుకు మిగులుతుంది. కిలోన్నర చొప్పున రెండు గిన్నెల్లో, ఇరవై నిమిషాల తేడాతో ఎక్కించండి. నీళ్లు కూడా అదే కొలతతో పెంచొద్దు. ఆవిరైపోయేది గిన్నె మూతి వెడల్పును బట్టి, బియ్యం బరువును బట్టి కాదు. ఉప్పూ కారం లెక్కకు వచ్చినదాంట్లో ముప్పావు వంతు వేసి, దించేముందు రుచి చూసి మిగతాది సరిచేయాలి.

ప్రమాదం అసలు మిగిలినదాంట్లో ఉంది. వండిన ఆహారం బయట 2 గంటలకు మించి ఉండకూడదని, వేడిగా ఉంచేది 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఆ 2 గంటలు ఒక గంటే అని అమెరికా వ్యవసాయ శాఖ సూచన. వేసవి వంటింట్లో 32 దాటని మధ్యాహ్నం ఉంటుందా? అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా ఉన్న గిన్నెలో మొలకెత్తి విషం చేస్తాయి. అందులో వాంతులు పుట్టించే విషం మళ్లీ వేడిచేసినా పోదు. ‘బాగా కాచాం కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మూతపెట్టిన పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లోకి తోస్తే నడుమ భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, పక్కనున్న పాలు కూడా వెచ్చబడతాయి. వెడల్పాటి పళ్లేల్లో 5 సెంటీమీటర్ల మందానికి మించకుండా పరిచి, ఆవిరి పోయాక వెంటనే లోపల పెట్టాలి. 32 మందికి వండినదాంట్లో మిగిలేది ఒక ఇంటి ఫ్రిజ్‌లో ఇలా పరచడానికి చోటు చాలదు. ఒకేసారి పద్ధతికి నేను పెట్టే షరతు ఒక్కటే: కొంచెం తక్కువే వండండి, చాలకపోతే అప్పటికప్పుడు చేయగలిగేది ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

నీడపట్టు

ఇందాకట్నుంచి ఇల్లూ సామానే మాట్లాడుకుంటున్నాం. వచ్చే మనుషుల ఒంటి సంగతి?

వేసవి మొదలు అంటేనే ఒంటికి ఎండ అలవాటు లేని సమయం. అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు కావాలి. అందుకే ఏటా తొలి వడగాడ్పులే ఎక్కువ దెబ్బ తీస్తాయి. వేడిలో పనికి కొత్తగా దిగేవాళ్లకు తొలిరోజు మామూలు పనిలో 20 శాతమే ఇచ్చి, రోజుకు ఇంకో 20 శాతం చొప్పున పెంచమని అమెరికాలోని నియోష్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ చెప్తుంది. చల్లటి చోటు నుంచి నాలుగు రోజులకని వచ్చిన చుట్టం ఆ నాలుగు రోజులూ అలవాటు పడని మనిషే. ఇంటివాళ్లు అప్పటికే అలవాటు పడి ఉంటారు కాబట్టి ‘ఈ మాత్రం ఎండకేమవుతుంది’ అంటారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

ఒకేసారి వచ్చినా విడతలుగా వచ్చినా పాటించాల్సినవి ఇవి. చుట్టాలు వచ్చిన రోజే వేడుక పెట్టొద్దు, మూడో రోజు పెట్టండి. ఆటలూ తిరుగుళ్లూ పది లోపు, మళ్లీ ఐదు తర్వాత. వయసు మళ్లినవాళ్లకు దాహం సరిగా తెలియదు. ‘కావాలా’ అని అడగకుండా గంటకోసారి గ్లాసు చేతికివ్వండి. గుండెకో బీపీకో నీటిమాత్రలు (మూత్రం ఎక్కువగా పోయించేవి) వాడేవాళ్లు ఎంత తాగొచ్చో బయల్దేరేముందే డాక్టరును అడిగి రావాలి. గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు తడిగుడ్డ, చల్లటి గది కావాలి. మాట తడబడి, అయోమయంగా ఉండి, ఒళ్లు 40 డిగ్రీల దాకా కాలిపోతుంటే అది వడదెబ్బ. అంబులెన్సును పిలిచి, అది వచ్చేదాకా ఒంటిమీద నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

పెద్దలు నలుగురూ చేరినచోట తప్పకుండా జరిగేది ఇంకొకటి. పాలు తాగే బిడ్డకు ‘ఎండగా ఉంది, రెండు చెంచాల నీళ్లు పట్టండి’ అంటారు. తల్లిపాలే తాగే 6 నెలల లోపు బిడ్డకు ఎంత ఎండలోనైనా విడిగా నీళ్లు అక్కర్లేదు. మామూలు కన్నా ఎక్కువసార్లు పాలిస్తే చాలు, నీళ్లు తల్లి తాగాలి.

మూడుతరాలు

నీడపట్టు గారూ, మూడో రోజు వేడుక అన్నది బాగుంది. కానీ మీరు చెప్పినవన్నీ చూసుకోవడానికి పెద్దవాళ్లు ఎక్కువమంది ఉండటమే మేలు కదా. విడతకు ఏడుగురే వస్తే పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేదెవరు?

గట్టుమీద

ఆ నమ్మకమే పిల్లలకు ప్రమాదం. ఇరవై మంది పెద్దలు చెరువు గట్టు మీద కూర్చుని ఉన్నప్పుడు ప్రతివాళ్లూ పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు. మునిగిపోయే పిల్ల అరవదు, చేతులు ఊపదు. నోరు నీటి మట్టానికి అందీ అందకుండా ఉంటే కేక వేయడానికి ఊపిరి ఎక్కడిది? నిమిషం కూడా పట్టదు. చెరువే అక్కర్లేదు, బాత్‌రూములో నిండిన బకెట్టు చాలు. చుట్టాల కోసం తొట్లూ డ్రమ్ములూ నింపిపెట్టే ఇంట్లో ఈ ముప్పు మరీ ఎక్కువ, వాటికి మూతలు బిగించాలి.

చేయాల్సింది వంతులు. నీళ్ల దగ్గర ఒక్క మనిషి, 15 నిమిషాలు, మెడలో ఈల. ఫోను ఇంకొకరికి ఇచ్చేయాలి. కబుర్లు చెప్పకూడదు, పుస్తకం చదవకూడదు. తర్వాతివాళ్లు వచ్చి ఈల మెడలో వేసుకునేదాకా కదలకూడదు. ఈతరాని చిన్నపిల్లలకు ఇది కాక, చెయ్యి చాస్తే అందే దూరంలో ఒక పెద్ద మనిషి. ఈ పద్ధతి నడిస్తే ముగ్గురు పెద్దలు చాలు. నడవకపోతే ముప్ఫైమంది ఉన్నా ఒక్కటే.

పక్కబట్టలు

మధ్యేమార్గం ఒకటుంది. 20 మందిని పది చొప్పున రెండు జట్లు చేయండి. మొదటి జట్టు ఒకటో రోజు వచ్చి నాలుగో రోజు పొద్దున వెళ్తుంది. రెండోది మూడో రోజు వచ్చి ఆరో రోజు వెళ్తుంది. వేడుక మూడో రోజు సాయంత్రం. 32 మంది కలిసి పడుకునేది ఒక్క రాత్రే. పూటలు 12కూ 36కూ మధ్యలో 18కి వస్తాయి.

ఆ ఒక్క రాత్రి చోటు ఇలా. పెద్దవాళ్లకు మనిషికి రెండున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. 10 బై 12 గదిలో తలలన్నీ ఒకే గోడ వైపు పెడితే నలుగురు, కాళ్ల వైపు నడవడానికి దారి. ఐదోవాళ్లను ఇరికిస్తే ఆ దారిలోనే పడుకోబెట్టాలి, అప్పుడు రాత్రిపూట లేచేవాళ్లు వాళ్లనే తొక్కుతారు. మాటిమాటికీ లేచే పెద్దవాళ్లకు తలుపు పక్క చోటివ్వండి, దారిలో చిన్న దీపం ఉంచండి.

నీళ్లతొట్టి

ఉతుకుడు మర్చిపోయారు. దుప్పటి, కప్పుకునేది, గలీబు కలిపి జత కిలోన్నర. పది జతలు 15 కిలోలు. 7 కిలోల మెషీనులో ఆరు కిలోల చొప్పునే పట్టించాలి కాబట్టి మూడు విడతలు. ఒక జట్టువి ఆరకముందే రెండో జట్టు దిగుతుంది.

పక్కబట్టలు

అందుకే ఎవరి దుప్పటి వాళ్లే తెచ్చుకోవాలి. ఇంటివాళ్లు పరుపూ దిండూ ఇస్తే చాలు. ఇది ముందే చెప్పాలి, వచ్చాక చెప్తే మనసు నొచ్చుకుంటారు.

నీడపట్టు

జబ్బు విషయంలో ఒకేసారి పద్ధతికి పెద్ద లోపం ఉంది. వాంతులు, విరేచనాలు ఆగాక కనీసం 48 గంటలు ఆ మనిషి ప్రయాణం పెట్టుకోకూడదు, వంటలో చెయ్యి పెట్టకూడదు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ అయితే శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బుతో చేతులు కడగాల్సిందే. విడతలుంటే ‘మేం తర్వాతి విడతలో వస్తాం’ అనగలరు. వేడుకకు వేరే అవకాశమే లేకపోతే పిల్లకు రాత్రి వాంతులైన సంగతి దాచిపెట్టి బండెక్కేస్తారు. 32 మంది, 2 బాత్‌రూముల ఇంట్లో అది రెండు రోజుల్లో చాలామందిని చుట్టేయగలదు.

మూడుతరాలు

అలా దాచేది రాకపోతే మాట పడాల్సి వస్తుందన్న భయంతోనే. ఆ భయం లేకుండా చేయడం పిలిచేవాళ్ల చేతిలో ఉంది. పిలిచేటప్పుడే ‘ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆగండి, వచ్చే నెల మీ కోసం విడిగా రెండు రోజులు ఉంచాం’ అని తేదీలతో సహా చెప్పాలి. ఒంట్లో బాగోని ఒక్క కుటుంబం కోసం అందర్నీ మూడు ముక్కలు చేయక్కర్లేదు. దాయాదుల పిల్లలు ఐదేళ్లవాళ్లూ పదిహేనేళ్లవాళ్లూ ఒకే కప్పు కింద ఉండేది ఏడాదికి ఈ నాలుగు రోజులే. విడతల్లో వస్తే సగంమంది సగంమందిని చూడనే చూడరు. పక్కబట్టలు గారి రెండు జట్ల పద్ధతిలో కూడా వాళ్లు కలిసి గడిపేది ఒక్క రోజే.

పొయ్యిగడ్డ

అయితే ఎవరు ఎప్పుడొచ్చినా మొదటిరోజు రాత్రి వంట వచ్చినవాళ్లదే అని పెట్టుకోండి. ఒకేసారి అయినా, రెండు జట్లయినా. సామాన్లు ఎక్కడున్నాయో చూపించి ఇంటివాళ్లు వంటింట్లోంచి బయటికి రావాలి. గిన్నెలు కూడా వండినవాళ్లవే.

నీళ్లతొట్టి

దీనికి నేనూ ఒప్పుకుంటాను. విడతల మాట మాత్రం వదలను. ట్యాంకు నిండటానికి ఎన్ని గంటలు పడుతుందో ఎవరైనా వాచీ పెట్టి చూసి చెప్పాకే 32 మందికీ కబురు పంపండి.