వాయిస్ మెసేజీల గ్రూపులో పాత జవాబు వెతకడం ఎలా?

నమస్తే. అనంతపురంలో ఎంటెక్ చేస్తున్నాను. గ్రూపుల్లో మాటలు కలగాపులగం కాకుండా చూసే యాప్ డిజైన్ నా ప్రాజెక్టు. గమనిస్తున్నది చీనీ (బత్తాయి) రైతుల వాట్సాప్ గ్రూపు. ఎవరో తెగులు గురించి అడుగుతారు, జవాబొచ్చేలోపు మార్కెట్ ధరలు, గుడ్ మార్నింగ్ పూలు (అవి ఎక్కడైనా తప్పవు కదా) వచ్చి పడతాయి. అంతా వాయిస్ మెసేజీలే, వెతికినా దొరకవు. టెలిగ్రామ్‌లో 2022 నుంచి ఉన్న టాపిక్స్ (ఒకే గ్రూపులో ఒక్కో విషయానికి ఒక్కో విభాగం) పెట్టి చూపిస్తే, అన్నీ మొదటి టాపిక్‌లోనే వేశారు. పొలంలో ఉన్న మనిషికి అంత ఓపిక ఎక్కడిది! అందుకే వాయిస్‌ని అక్షరాల్లోకి మార్చి, యాపే విషయాలవారీగా సర్దేలా చేయాలనుకుంటున్నాను. మాటల్ని అక్షరాలుగా మార్చే విస్పర్, ఏఐ4భారత్ ఏఐ మోడళ్లలో మన సీమ యాసను ఏది బాగా పడుతుంది? వాడినవాళ్లు చెప్పండన్నా. ఇంకోటి, రికార్డింగులు తీసుకోవడానికి అడ్మిన్ ఒప్పుకుంటే చాలా, ప్రతి సభ్యుణ్నీ అడగాలా?